అంత పులుసు ఎవరికమ్మా

కొల్లేటి నీటిలో గెడ దిగిన చప్పుడు.

దిగి, లేచి, మళ్ళీ దిగి... ఎవరిదో దోనె, ఎటో పోతోంది.

ఒడ్డున పొయ్యి మీద కొరమీను పులుసు. పొయ్యి ముందు సలోమి. పక్కన ఆమె భర్త ఎలీయాజరు, ఏలూరు మిషను స్కూల్లో మాస్టారు. క్రిస్మస్ సెలవులకి అత్తవారి లంకకి వచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టు ఉండక, కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు.

మెక్సికో నుంచి వచ్చిన స్పానిషు కథ. దాన్ని ఎస్పెరాంటోలోకి మారుస్తున్నాడు — ఏ దేశానిదీ కాని భాష, అన్ని దేశాలవాళ్ళూ మాట్లాడుకోవాలని ఒకాయన కల్పించిన భాష. ఏలూరులో అది వచ్చినవాడు తనొక్కడే. తనలో తనే మాట్లాడుకుంటాడు, పాపం.

ఈ భాషల సంతోషంలోకి సలోమి కూడా రావాలి. ఏడాదిగా అదే ఆశ.

"నాకెందుకండీ అవన్నీ." ఏడాదిగా అదే మాట.

ఇవాళ కథ పూర్తయింది. ఉండబట్టలేక తెలుగులో చెప్పాడు.

అక్కడా ఒక సరస్సు. అక్కడా చేపలు. ఒడ్డున చేపలు కాలుస్తున్న ముసలమ్మని ఒక బాటసారి అడుగుతాడు — ఇన్ని చేపలు ఎవరు తింటారని. ముసలమ్మ ఒక్క మాట అంటుంది. నోసోత్రోస్. కథ అయిపోతుంది.

"అంటే ఏంటండీ?"

"మేం అని."

దాక పట్టుకుని తిప్పుతున్న సలోమి చేతులు ఆగాయి.

"మేమా, మనమా?"

ఎలీయాజరు కాగితాలు తిరగేశాడు. స్పానిషులో రెంటికీ ఒకటే మాట. ఎస్పెరాంటోలోనూ ఒకటే. ఇన్నాళ్ళూ ఆ సంగతి తనకి తట్టనే లేదు.

"అదేం కథండీ! మేం అంటే ఆ బాటసారి ఆకలితో వెళ్ళిపోయినట్టు. మనం అంటే కూర్చుని తిన్నట్టు. తేల్చకుండా ఎలా వదిలేశారండీ?"

కోపం వచ్చేసింది ఆమెకి! ఎక్కడో మెక్సికోలో ఒక బాటసారి కోసం. ఎలీయాజరుకి ఎంత సంతోషమో చెప్పలేను. రావాలని తను ఆశపడ్డ మనిషి కథలోకి వచ్చేసింది, అదీ పోట్లాడుతూ.

"మీ భాషలో ఏమని రాశారు మరి?"

"ని."

"నీ... యా?" పకపకా నవ్వింది. "మనం అనడానికి నీ అంటారా! బాగుందండీ. ఈ ఒక్క ముక్కా నాకొచ్చేసింది."

ని... ని... అనుకుంటూ దాక తిప్పింది.

గెడ చప్పుడు దగ్గరైంది. దోనెలో ఎవరో పెద్దాయన, ఎప్పుడూ చూడని మనిషి.

"అబ్బో, ఏం వాసన! అంత పులుసు ఎవరికమ్మా?"

సలోమి మొగుడి వంక చూసింది. నీటి మీదికి గొంతెత్తింది —

"ని!"

ఆయనకి ఏం వినబడిందో, ఏమో.

గెడ ఆగింది.

మళ్ళీ నీటిలో దిగిన చప్పుడు... ఇటువైపు.