ఎద్దు మీద నిలబడ్డ పిల్ల

ఆ పొద్దు ద్వాలికి ఒక్కచోట కాలు నిలవలేదు. ఖానాపురం హవేలి మలుపులో షేర్ ఆటో కోసం నిలబడి, నాలుగడుగులు ముందుకు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, సంచిలో చెయ్యి పెట్టి కాగితాలు తడిమి చూసుకుంది. ఉన్నాయి. ఉండక ఎక్కడికి పోతాయి? అయినా నమ్మకం లేదు. చేతిలో ఉన్నది ఉన్నట్టే జారిపోవడం ఆమె బతుకంతా చూసింది.

ఖమ్మంలో ఆడవాళ్ళ రాతలన్నీ కలిపి ఒక పుస్తకం వేస్తున్నారు. వేయిస్తున్నది నాగలత, ద్వాలి వంట చేసే హాస్టల్ వార్డెన్. పొట్లాల కాగితాలూ బస్సు బోర్డులూ చూసి అక్షరాలు కూడబలుక్కున్న ఈ ముసలమ్మ చేత కూడా పట్టుబట్టి రాయించింది. మధ్యాహ్నానికల్లా రాత ప్రెస్సులో ఉండాలి.

ద్వాలి రాసింది తన పెళ్ళి సంగతి. నిజానికి అది పెళ్ళి సంగతి కాదు, అక్క సోమ్లీ సంగతి. మణుగూరు అవతల, అడవి అంచున వాళ్ళ తండాలో పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు ఎద్దు మీద నిలబెట్టేవాళ్ళు. తండా వైపు తిరిగి, చేతులెత్తి, పుట్టిన చోటును దీవిస్తూ పిల్ల ఏడుపు పాట పాడాలి. ద్వాలి పాడుతుంటే ఒక చేత్తో ఎద్దు మూపురాన్ని అదిమి, రెండో చేత్తో చెల్లెలి కాలు గట్టిగా పట్టుకుని నిలబడింది సోమ్లీ. ఆ వానాకాలమే సోమ్లీ జ్వరం వచ్చి చనిపోయింది. ఫొటో లేదు. ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ద్వాలి కూడా పోతే సోమ్లీ అనే మనిషి ఒకతి ఉండేదని చెప్పే నోరు ఇక లేదు.

అందుకే రాసింది. రాసి భయపడింది. ఏ అక్షరానికి ఒత్తు పెట్టాలో, ఎక్కడ దీర్ఘం తీయాలో! ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష, పుస్తకాల్లో ఇంకో భాష. మూడూ కలగలిసిన ఆ కాగితం ఎవరైనా చూస్తే నవ్వి పోతారనుకుని, వెనక వీధిలో ఉండే రిటైరైన మాస్టారు వెంకటరామారావుకు ఇచ్చి దిద్దించుకుంది. ఆయన ఓపికగా తిరగరాసి ఇచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ద్వాలి వాటిని చూసుకుని మురిసిందే గానీ చదవలేదు. తన పాత కాగితాన్ని పొద్దున్నే నీళ్ళ పొయ్యిలో పెట్టి పీడ వదిలించుకుంది.

ఆటో కదిలాక, పెదాలు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. 'ఎద్దులబండిలో కూర్చుని కన్నీరు కార్చాను' అని ఉంది. కాగితం తిప్పింది. మళ్ళీ తిప్పింది. అక్క లేదు.

"ఆపు! ఆపయ్యా!"

డ్రైవర్ బ్రేకు కొట్టాడు. "ఏమైందవ్వా, పర్సు పడ్డదా?"

"మనిషి పడ్డది!"

"ఏ మనిషి? ఎక్కినోళ్ళంత ఈడనే ఉన్నరు గదా!"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ద్వాలి రోడ్డు మీదికి దిగి, మాస్టారికి ఫోను కలిపింది.

"సారూ, మా అక్క యాడికి పోయింది?"

"మీ అక్కా? ఓ, అదా! ఎద్దు మీద నిలబడ్డానని రాశావు గదమ్మా, బండి అన్న మాట జారిపోయిందనుకుని చేర్చాను. బండెక్కిన పిల్లకి ఇంకొకరు కాలు పట్టుకోవడమేంటి, అతకలేదు. ఆ ముక్క తీసేశాను."

"బండి కాదు సారూ. ఎద్దు మీదనే నిలబడ్డ. మా తండల గట్లనే."

"అయ్యో, ఒక్క మాట అడగాల్సింది తల్లీ. పాత కాగితం పట్రా, ఇప్పుడే సరిచేస్తా."

"అది బూడిదైంది సారూ. నేనే కాలవెట్టిన."

ఇంకో ఆటో పట్టుకుని ప్రెస్సు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నాగలత గుమ్మంలోనే ఎదురైంది.

"ఏం ద్వాలమ్మా, పెళ్ళివారి లెక్క ఇప్పుడా రావటం? తెచ్చినవా?"

"తెచ్చిన. గని ఇది నాది కాదు. ఎయ్యొద్దు." ద్వాలి ఆయాసపడుతూ జరిగింది చెప్పింది. "నా రాత తీసెయ్ బిడ్డా. నేను పోత."

"పోయి ఏం జేస్తవ్? కూసో. మళ్ళ రాయి."

"ఎవలు దిద్దుతరు?"

"ఎవ్వరు దిద్దరు. కూర ఒండేటప్పుడు ఉప్పు ఎప్పుడు జూస్తవ్?"

"ఉడికినంక."

"మరి పొయ్యి ముట్టియ్యకముందే ఉప్పు, ఉప్పు అని ఏడిస్తే మా పిల్లలకు అన్నం ఎప్పుడు? నీ నోట్లె ఎట్లొస్తే అట్లనే రాయి. తప్పుల సంగతి తర్వాత. అక్కను ముందు ఎక్కియ్యి."

లోపల కంప్యూటర్ ముందున్న రామ్‌చందర్ తల తిప్పకుండానే కేకేశాడు. "ఎవరైనా సరే, జల్దీ. పేజీలు కడుతున్నా, అచ్చుకు పోవాలె."

ద్వాలి బల్ల అంచున కూర్చుంది. 'కన్నీరు కార్చాను' అని మొదలుపెట్టి కొట్టేసింది. ఆమె ఎన్నడూ కన్నీరు కార్చలేదు, ఏడ్చింది. అలాగే రాసింది. తెలుగులో మాట దొరకని చోట తండా మాటే పెట్టింది. లేచింది, నీళ్ళు తాగింది, కూర్చుంది. ఫ్యాను గాలికి కాగితం ఎగిరిపోతుంటే మోచేత్తో అదిమిపట్టింది. చివరికి, వద్దనుకుంటూనే తీసుకెళ్ళి రామ్‌చందర్ ముందు పెట్టింది.

"నవ్వకు కొడుకా."

అతను టైపు చేస్తూ పోయాడు. చివరి వాక్యం దగ్గర వేళ్ళు ఆగాయి. తప్పు దొరికిందన్నమాట, అనుకుంది ద్వాలి.

"అమ్మా, ఎద్దు బెదిరిందా?"

"ఆఁ?"

"నువ్వు పాడుతుంటే బెదిరిందా అని."

"బెదిరింది. దుంకింది గూడ."

"పడ్డవా?"

"పడనిస్తదా మా అక్క?"

"మరి గది రాయలేదేంది? పాట కాడ్నే ఆపేసినవ్. మీ అక్క కాలు ఎప్పుడు ఇడిసిపెట్టింది?"

ఆ సంగతి ఇంతవరకు ద్వాలిని ఎవరూ అడగలేదు.

"ఇడవలే," అంది. "మా అత్తగారోళ్ళు పొద్దువోతున్నదని తొందరవెట్టిన్రు. మా మేనత్త అచ్చి, అక్క చేతి ఏళ్ళు నా కాలి నుంచి ఒక్కొక్కటే ఊడదీసింది."

రామ్‌చందర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. నాగలత ద్వాలి వైపు తెల్ల కాగితం జరిపింది.

"పేజీలు కడుతున్నవు గదా కొడుకా?"

"నేనాగుతా. నువ్వు రాయి."

ద్వాలి పెన్ను తీసుకుంది. ముందు చిటికెన వేలు. 'ఊడదీసింది' అన్న మాట ఎలా రాయాలో ఒక క్షణం తట్టలేదు. చేతికి వచ్చినట్టు రాసేసి, రెండో వేలికి పోయింది.