డప్పుల కూలి

అది వెయ్యిన్ని తొమ్మిది వందల ముప్పయి తొమ్మిది, వేసవి. పెనుకొండలో ఒక ఉదయం యల్లక్క గోడగూటిలోంచి సీసా తీసి, కూతురు ఈశ్వరికి బలానికని చెంచాడు ఎర్రమందు పోసింది. చలిజ్వరం తగ్గినప్పటి నుంచి ఆ పిల్ల గడప దాటలేకపోతోంది. తల్లి బిడ్డకు మందు పోస్తే తప్పేమిటని చదివేవారికి అనిపించవచ్చు.

అంతలో యల్లక్క అన్న మల్లప్ప వచ్చాడు. అతను హిందూపురంలో పేరున్న వస్తాదు. సాయంత్రం ధర్మవరంలో పెద్ద కుస్తీ ఉంది. మేనకోడలిని చూసిపోదామని దారిలో రైలు దిగాడు. పుల్లల్లాంటి ఈశ్వరి చేతులు చూసి కలవరపడ్డాడు. పెరట్లో గుంజ ఖాళీగా ఉంది.

"పాలమేక యాడ, యల్లీ?"

"అమ్మేస్తి. ఈ మందు కొనాల గదా."

"ఎవురు చెప్పిరి నీకు ఈ మందు?"

యల్లక్క నవ్వింది. "బాగుండాది నువ్వడిగేది. పోయినేడు హిందూపురంలో అంతమంది ముందర సీసా ఎత్తి, నా బలమంతా ఇదేనంటివి గదన్నా."

మల్లప్ప గూటిలోని సీసా వంక చూశాడు. అతను ఆ మందు చుక్కయినా ఎరగడు. అతని ఒళ్లు రాగిసంకటితో, ఉలవకట్టుతో, ఇంటి మేకల పాలతో పెరిగింది. చెల్లెలు అమ్మిన మేకా ఆ మందలోదే. సీసా ఎత్తినందుకు మందు కంపెనీవారు అతనికి పట్టుపంచె కప్పారు. ఆనాడు అది ఎవరినీ నొప్పించని పనిగానే తోచింది.

ఆ సాయంత్రం ధర్మవరంలో కుస్తీ గోదా చుట్టూ ఆ మందు పేరు రాసిన గుడ్డలు వేలాడుతున్నాయి. డప్పులు మోగుతున్నాయి. మందు కంపెనీ ఏజెంటు వెంకటరాముడు సీసా అందించాడు. మల్లప్ప చెయ్యి చాచలేదు.

"ఈ గోదా, ఈ డప్పులు, అన్నీ మా కంపెనీ ఖర్చేనప్పా," అన్నాడు ఏజెంటు, మెల్లగా. "సీసా ఎత్తకుంటే కుస్తీ లేదు. ఇంక నిన్నెవురూ పిలవరు."

జనం ఓపిక నశిస్తోంది. "ఏమప్పా మల్లప్పా, సీసా అంత బరువుండాదా?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

మల్లప్ప సీసా అందుకుని పైకెత్తాడు. డప్పులు ఆగాయి.

"దీన్ని నేనెప్పుడూ తాగలే. పోయినేడు మీకు అబద్ధం చెప్తి. నా మాట నమ్మి నా చెల్లెలు పాలమేకను అమ్ముకునె. నా మేనకోడలు ఇంకా లేవలే." ఏజెంటు వైపు తిరిగాడు. "ఈ డప్పులకు కూలి మీ కంపెనీ ఇయ్యలేదప్పా. నా చెల్లెలి మేక ఇచ్చె."

కుస్తీ జరగలేదు. కొందరు తిట్టుకుంటూ లేచిపోయారు, ఒకడు మట్టిగడ్డ విసిరాడు. మల్లప్ప తలవంచుకుని గోదా దిగాడు. ఆ తర్వాత ఏ కుస్తీకీ అతనికి పిలుపు రాలేదు.

మరునాడు అతను పట్టుపంచె అమ్మి, పాలమేకను కొని, చెల్లెలి ఇంటికి తోలుకొచ్చాడు. ఎవరు గెలిచారని యల్లక్క అడిగితే, జరిగినదంతా చెప్పాడు. ఆమె సీసా బయట పారేసి, చెంబు తీసుకుని మేక దగ్గరికి వెళ్లింది.

పోటీల దగ్గర మోగే ప్రకటనల డప్పులకు కూలి, ఆటగాడి ముఖం చూసి సరుకు కొనే మన ఇళ్ల నుంచే పోతుంది.