నలభై ఒకటో నంబరు సీసా

నేను ఒక గోధుమరంగు మందు సీసాను. బొటనవేలంత ఒళ్లు, నెత్తిన చుక్కలు పిండే రబ్బరు టోపీ. నా కడుపులో ఏముందో నాకే చెప్పలేదు. సగం సీసాల్లో గంజాయి మొక్క నుంచి తీసిన, మత్తెక్కించని కన్నాబిడియాల్. మిగతా సగంలో ఉత్త నూనె. మందు నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష కాబట్టి, ఏది ఏదో డాక్టరుకూ తెలియదు, నర్సుకూ తెలియదు. అంతంత చదువులు చదివి, తెలియకుండా ఉండడానికి ఇన్ని తంటాలు పడేవాళ్లను నేనెక్కడా చూడలేదు.

నన్ను మల్సూరుకు కేటాయించారు. సూర్యాపేట వైపు తాటిచెట్లెక్కి కల్లు గీసే గౌడు. చెట్టు మీంచి పడి నడుం దెబ్బతింటే నొప్పి బిళ్లలు మింగాడు. నొప్పి పోయింది, బిళ్లలు పోలేదు. ఆ అలవాటు మాన్పించే వార్డులో చేరాడు.

రోజూ పొద్దున సలోమి సిస్టర్ అతని నాలుక కింద నా చుక్కలు వేసేది. గంటాగి ఆ బిళ్లల అట్ట బొమ్మ చూపించి, మనసు ఎంత లాగుతోందో సున్నా నుంచి వంద దాకా ఉన్న గీత మీద గుర్తు పెట్టమనేది. మల్సూరు అయిదు రోజులూ సున్నా దగ్గరే పెట్టాడు. కళ్లు మాత్రం ఆ బొమ్మను వదిలేవి కావు. అంత గొప్పవాణ్ణా నేను అని లోలోపల నవ్వుకున్నాను.

ఆరో రోజు సలోమి నిలదీస్తే సంగతి తేలింది. కల్లు పోసినవాడి మొహం మీద పులిసిందని అనడం వాళ్ల దగ్గర మర్యాద కాదు. ఆడబిడ్డ చేతులారా వేసే మందుకు ఎలా వంక పెడతాడు? పైగా పని చేయలేదంటే వార్డులోంచి పంపేస్తారని, బయటికెళ్తే మళ్లీ బిళ్లలేనని భయం.

"మల్సూరన్నా, పులిసిందని ఎవ్వలు చెప్పకపోతే నువ్వు తెల్లారి కల్లు లొట్టి కడుగుతవా?" అంది సలోమి.

అతను గీత ఉన్న కాగితాన్ని తన ముందుకు లాక్కున్నాడు. "గుంజుతాంది చెల్లె. బొమ్మ జూడంగనే పానమంతా గుంజుతాంది. ముందటి సున్నాలు గూడ అబద్ధమేనని రాసుకో. పంపిస్తే పంపియ్యి."

ఎవరూ పంపలేదు. పాత సున్నాల పక్కన జరిగింది జరిగినట్టు రాశారు. ఆ రోజు గుర్తు డెబ్బై రెండు దగ్గర పడింది. చివరిదైన ఎనిమిదో రోజు యాభై అయిదు. ఏ బడిలోనూ ఆ మార్కులకు చప్పట్లు కొట్టరు. నేను కొట్టాను, చేతులు లేకపోయినా.

ఖాళీ అయిన నన్ను కిటికీలో పెట్టారు. మర్నాడు మల్సూరు సంచి భుజాన వేసుకుని గేటు దాటాడు. ఎదురుగా మందుల దుకాణం. దాని ముందు ఆగిపోయాడు. జేబులో చెయ్యి పెట్టాడు.

కాసేపటికి వార్డు మెట్ల మీద అడుగుల చప్పుడు.

"చెల్లె, ఇయ్యాల ఎనబై దాటింది," అన్నాడు మల్సూరు తలుపు దగ్గర నిలబడి. "జరసేపు ఈడనే కూసుంటా."

సలోమి కుర్చీ జరిపింది.