పందేల మైదానంలో ఈల

హైదరాబాదు దవాఖానలో మా ఆయన బీరప్ప కళ్లలో మందు వేసి గుడ్డ కట్టారు. రెండు రోజుల దాకా విప్పొద్దన్నారు, తడవనివ్వొద్దన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని మలక్‌పేట చేరేసరికి నల్లగొండ బస్సు వెళ్లిపోయింది. వెళ్లదా మరి? ఈ మనిషి దారిలో మూడుచోట్ల చాయ్ తాగాడు. చీకటి పడితే రోడ్డు మీద ఎవరూ కనబడొద్దని హుకుం. ఆ పక్కనే గుర్రప్పందేల మైదానం. సాయంత్రం పందేలు అయిపోయి జనం వెళ్లిపోతున్నారు. గుర్రాలను చూసుకునే పెద్దులు మా మాట విని ఆగాడు.

"మీది నల్లగొండ దిక్కా అక్కా? నాది దేవరకొండ. గడ్డి కొట్టంల పండుండ్రి."

యూనియన్ మిలిటరీ వచ్చి ఏడాది కావస్తోంది. అంతకు ముందటి ఏడు రజాకార్లు మా వాములు తగలబెట్టిన రాత్రే మా ఒక్కగానొక్క కొడుకు లింగస్వామి మా గుర్రమెక్కి కమ్యూనిస్టుల దళంలోకి పోయాడు. మళ్లీ కబురు లేదు. వాడు పోయాడనుకుని దినాలు చెయ్యమంటుంది ఊరు. ఎక్కడ దాచావని వారం వారం వచ్చి ఇల్లు తవ్విపోస్తుంది మిలిటరీ. దినాలు చేస్తే ఆ వెతుకులాటైనా ఆగుతుందని మా మరిది నచ్చజెప్పబోయాడు. చీపురు తీశాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వెన్నెల వచ్చింది. మైదానం చుట్టూ తెల్ల కంచె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియడం లేదు. చించిపారేసిన టికెట్లు గాలికి గడ్డి మీద దొర్లుతున్నాయి. ఎవరూ లేని మెట్ల మీద ఇంకా జనం కూర్చుని ఉన్నట్టే అనిపించింది. నిద్రలో నడుస్తున్నట్టు నేను కంచె వెంట నడిచాను, ఆయన నా భుజం పట్టుకుని వెనకే వచ్చాడు.

ఒక గుర్రం నీళ్లబండి లాగుతూ వస్తోంది. నీళ్లు పడ్డచోటల్లా మట్టివాసన లేస్తోంది. దాని నొసట తెల్లమచ్చ.

"ఏమయ్యా, మన గుర్రం."

"నీకు గాడిద కనబడ్డా మన గుర్రమే. జర నెమ్మదిగ నడువు."

ఈసారి నేనూ కోప్పడలేదు. కలలో ఉన్నప్పుడు ఎవరితో కొట్లాడతాం?

పెద్దులు బండి విప్పి గుర్రాన్ని తొట్టి దగ్గరికి తెచ్చాడు. అది మూతి పెట్టలేదు. అప్పుడతను ఈల వేశాడు. రెండు పొట్టివి, ఒకటి పొడుగుది, చివర్లో పుటుక్కున విరిగి గాలి అయిపోయింది. గుర్రం తల వంచి తాగింది.

నా భుజం మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. మా దిక్కున పశువులకు నీళ్లు తాపేటప్పుడు అందరూ ఈల వేస్తారు. కానీ చివర్లో విరిగే ఈల మా లింగనిదే. ముందుపన్ను ఊడినప్పటి నుంచి వాడికి అంతకంటే రాదు.

"గా ఈల ఎవరు నేర్పిన్రు తమ్మీ?" అన్నాను.

"మొన్న ఉగాదికి దీన్ని అమ్మిపోయిన పోరడు. బక్కగున్నడు. అడవిల గుర్రం పనికిరాదన్నడు. గిట్ల ఈలేస్తెనే తాగుతదని రెండు దినాలు ఈడ్నే ఉండి నేర్పిండు. తప్పు వేస్తె కోపం జేసిండు."

వాడు బతికున్నాడు. ఉగాది దాకా బతికున్నాడు. గుర్రం దూపకు రెండు రోజులు ఆగినవాడు, కన్నతల్లికి ఒక్క పూట ముఖం చూపించలేదు. కొట్టాలనిపించింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాలనిపించింది.

"మొన్న మిలిటరీ సాబు అడిగిండు, ఎవడా పోరడని. నాకేం తెలుసు? నీకెరికేనా అక్కా?"

నా కొడుకు అనే మాట పళ్ల దాకా వచ్చింది. ఆయన వేళ్లు నా భుజంలోకి దిగాయి.

"ఎరుక లేదు తమ్మీ," అన్నాను. "మాకూ ఒక్కడుండె. సచ్చిపోయిండు."

రెండేళ్లుగా ఎవరినీ అననివ్వని మాట, నా నోటితోనే అన్నాను.

కొట్టంలో గడ్డి మీద పడుకున్నాక ఆయన కళ్లగుడ్డ తడిసి ఉంది.

"ఊరికి పోంగనే దినాలు జేద్దామే," అన్నాడు. "అందర్నీ పిలుద్దాం."

"పిలుద్దాం. మిలిటరోళ్లు గూడ సూడాలె."

తెల్లవారేదాకా మేలుకునే ఉన్నాను. ఊరంతా నమ్మేలా ఏడవాలి కదా. నాకేమో నవ్వు ఆగడం లేదు.