చి. శౌరమ్మ

ఆఫీసులో నాకంటే వేగంగా రాసేవాళ్లున్నారు గానీ, జాబితా పేర్చటంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. 1976లో మైలవరం దగ్గర ఒక ఊళ్లో చెరువు కట్టకు మరమ్మతు తలపెట్టారు. కట్ట మీది గుడిసెలు తీసేసి, ఆ కుటుంబాలకు వేరేచోట ఇళ్ల స్థలాలివ్వాలి. కరణంగారు పంపిన జాబితా ఒకటి, సర్వేవాళ్లది ఒకటి, ఊరివాళ్ల అర్జీలు ఒక దొంతర. అన్నీ కలిపి ఒకే జాబితా చెయ్యమని సూపరింటెండెంటు రామకోటేశ్వరరావుగారు నాకు అప్పగించారు.

నా పద్ధతి నాది. పేరుకో చీటీ రాశాను. పేర్లకు ముందున్న శ్రీ, శ్రీమతి, చి., వెనకున్న గారు అన్నీ కొట్టేశాను. సర్కారు జాబితా పెళ్లి శుభలేఖ కాదు కదా. తర్వాత ఇంటిపేర్లను బట్టి అకారాదిగా పేర్చాను. అలా పేరిస్తే ఒకే పేరున్న చీటీలు పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి. ఒకటి ఉంచి తక్కినవి తీసెయ్యటమే. నూట ఎనభై రెండు చీటీలు డెబ్బై ఒకటికి దిగాయి. ఆ పూట పటమటలో మా ఇంటి చారు కూడా నాకు రుచిగా అనిపించింది.

సూపరింటెండెంటుగారు మెచ్చుకున్నారు. అయితే సంతకానికి పెట్టేముందు ఊళ్లో చదివి వినిపించి రమ్మన్నారు. అభ్యంతరాల్లేకపోతే మర్నాడే సంతకం. ఆ తర్వాత జాబితాలో లేనివాళ్లకు గుడిసె పోవటమే గానీ స్థలం రాదు. తేలిపోయినదాన్ని మళ్లీ చదవటమెందుకని విసుక్కుంటూనే బస్సెక్కాను.

చర్చి అరుగు మీద కూర్చుని చదివాను. "గుజ్జర్లమూడి శౌరమ్మ, భర్త సొలొమోను" అనగానే ముందు వరసలో ఒక పెద్దావిడ లేచి పలికింది. చివరిదాకా చదివి, అభ్యంతరాలేమన్నా ఉన్నాయా అని మాటవరసకు అడిగి, కాగితాలు సర్దుకుంటున్నాను. ఆ పెద్దావిడే మళ్లీ లేచింది.

"చిన్న శౌరమ్మ పేరు రాలేదండీ."

వెనక గోడ దగ్గర చంటిపిల్లనెత్తుకున్న ఒక పడుచు తలెత్తింది. ఆమె పేరూ శౌరమ్మే. భర్త పేరూ సొలొమోనే. వీళ్లిద్దరి మామలూ అన్నదమ్ములు, ఎవరికి వారు తమ పెద్దకొడుక్కి తాత పేరే పెట్టుకున్నారట. నువ్వెందుకు అడగలేదమ్మా అంటే, ఆమె లేచింది కదా, ఇక నాకు రాలేదనుకున్నాను అంది.

నాకు ఒళ్లు మండింది. నా జాబితాలో తప్పా? రెండు కుటుంబాలనటానికి ఆధారమేమిటన్నాను. విచారణ తేలేదాకా ఇద్దరి స్థలాలూ ఆపేస్తామని పెద్దావిణ్ణి బెదిరించాను. పక్కనున్న చర్చి ఉపదేశి ఏసుపాదంగారు నా చెవిలో, కోళ్ల గొడవ మీద వాళ్లిద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవని చెప్పారు. పెద్దావిడ మాత్రం కూర్చోలేదు.

"ఆపితే ఆపండి. ఉన్న మనిషిని లేదంటా ఉంటే నేనెట్టా ఊరుకునేది?"

సంచి విప్పి, తీసేసిన చీటీలూ అర్జీలూ తిరగేశాను. ఒక అర్జీ మీద "గు. చి. శౌరమ్మ" అని ఉంది. నేను చిరంజీవి అనుకుని కొట్టేసిన చి., చిన్న అట. ఊరందరి ముందూ తల కొట్టేసినట్టయింది. అంతకుమించి భయమేసింది. ఆవిడ లేవకపోతే ఈ పిల్లతల్లికి నిలవ నీడ పోయేది, నేను ఇంటికెళ్లి హాయిగా భోంచేసేవాణ్ణి.

అక్కడికక్కడే "చిన్న శౌరమ్మ" అని పూర్తిగా రాసుకున్నాను. తీసేసిన చీటీలన్నీ ఒక్కొక్కటే చదివాను. ఇంకెవరూ తప్పిపోలేదని జనం నవ్వుతూ చెప్పారు. మర్నాడు జరిగింది సూపరింటెండెంటుగారికి చెప్పి, జాబితా కొత్తగా రాసి సంతకానికి పెట్టాను.

నెల తిరక్కుండా పట్టాలు పంచటానికి వెళ్లాను. స్థలాల నంబర్లు జాబితా వరసలోనే వేశారు. పెద్ద శౌరమ్మకు పంతొమ్మిది, చిన్న శౌరమ్మకు ఇరవై. మాటల్లేని మనుషుల్ని నా అకారాది ఒకే గోడకు అటూ ఇటూ కూర్చోబెట్టింది. ఈసారి ముందే జాగ్రత్తపడి, కావాలంటే నంబరు మార్పిస్తానని ఇద్దర్నీ పిలిచి అడిగాను. చిన్నామె పెద్దావిడ వంక చూసింది. పెద్దావిడ పట్టా మడిచి బొడ్లో దోపుకుంది.

"ఉండనియ్యండి. రేపింకెవరన్నా వచ్చి మేమిద్దరం ఒకటేనంటే, కాదని చెప్పటానికి పక్కనుండాలిగా."