ఎడమకాలి చెప్పులు

కుడికాలివి కూడా ఎప్పటికైనా దొరుకుతాయని దాచుకున్నాడట. ఆ మాట నమ్మొచ్చా లేదా అన్నది కాదు చంద్రమౌళిని వేధిస్తున్నది. నమ్మడానికి తనకి క్షణం కూడా పట్టలేదు. నమ్మి కూడా స్టూలు మీంచి లేవలేదు. అదీ అసలు సంగతి.

ఎదురుగా అన్నయ్య చెప్పుల షాపు మెట్టు మీద సోములు కూర్చున్నాడు. చేతులు కట్టలేదు. కట్టక్కర్లేదు, చుట్టూ పదిహేనుమంది ఉన్నారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ నుంచి పొందూరు వైపు పట్టాల పక్కనే నడుస్తూ ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకునే మనిషి. ఈ మధ్యాహ్నం అతని గోనెసంచి బజార్లో బోర్లిస్తే సీసాలతోపాటు పదకొండు చెప్పులు పడ్డాయి. అన్నీ కొత్తవి. అన్నీ ఎడమకాలివి.

ఆమదాలవలస బజారులో ఏ షాపువాళ్లయినా బయట ఎడమకాలి చెప్పే వేలాడదీస్తారు. దాని జత లోపల పెట్టెలో ఉంటుంది. చంద్రమౌళి తండ్రి కాలం నుంచీ ఇదే పద్ధతి. ఒంటిచెప్పు ఎవడెత్తుకుపోతాడని ధీమా. రెండు నెలలుగా ఆ ఒంటిచెప్పులే మాయమవుతున్నాయి.

"పట్టాల పక్కన దొరికినాయి బాబూ," సోములు నాలుగోసారి చెప్పాడు. "వారానికొకటి, రెండు. రెండోది కూడా కనపడతాదేమోనని దాసినాను."

"కనపడతాది. మా షాపులోకొచ్చి సూడు, పెట్టెల్లో ఉన్నాయి," అన్నాడు పక్క చెప్పుల షాపు గణపతిరావు. అందరూ నవ్వారు. అన్నయ్య లక్ష్మణరావు కూడా నవ్వాడు. నవ్వుతూ గణపతిరావు భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యినే చూస్తున్నాడు చంద్రమౌళి. గణపతిరావుతో అన్నయ్య మాట్లాడి నాలుగేళ్లయింది. గణపతిరావు రేకు మీంచి వాననీళ్లు వచ్చి తన మెట్టు మీద పడుతున్నాయని మొదలైన తగువు. పెళ్లి పిలుపులు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు ఒకే స్టీలు పళ్లెంలో తెచ్చిన టీలు ఇద్దరూ తాగుతున్నారు.

"ఒరే మౌళీ, నువ్వు సదువుకున్నోడివి, సెప్పు. ఎడంవే ఎందుకెత్తుతాడ్రా ఎవడైనా?" అన్నాడు అన్నయ్య.

"పిచ్చోడైనా అవ్వాల, మహా తెలివైనోడైనా అవ్వాల బావా," అన్నాడు గణపతిరావు.

అన్నయ్యని బావా అన్నాడు.

పొద్దున విజయనగరంలో, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి చంద్రమౌళి చెప్పిన సోషియాలజీ పాఠం ఇదే. నేరం లేని సమాజం ఉండదు. ఒకడు హద్దు దాటితే మిగిలినవాళ్లకి హద్దు ఎక్కడుందో కనిపిస్తుంది. అందరూ కలిసి కోప్పడతారు, ఆ కోపంలో ఒకరికొకరు దగ్గరవుతారు. పిల్లలు తలలు వంచి రాసుకున్నారు. ఇప్పుడు ఆ పాఠం తన కళ్ల ముందు, టీ గ్లాసులతో సహా, జరుగుతోంది. అతనికి మొదట కలిగింది జాలి కాదు. సంతోషం. పుస్తకం సరిగ్గానే చెప్పిందన్న సంతోషం. అందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడగలిగినందుకు తన మీద తనకి కొంచెం గౌరవం కలిగింది. ఆ గౌరవం చూసి మళ్లీ అసహ్యం వేసింది. ఇలా లోపలికి ఎన్ని మెట్లయినా దిగగలడు. బయటికి ఒక్క అడుగు వెయ్యడమే రాదు.

ఒళ్లో ఉన్న చేతిసంచిలో ఆ కాగితం ఉంది.

పోయిన నెల అతనే పిల్లల్ని అడిగాడు. మీ స్నేహితుల గుంపులో గౌరవం దేనికి దొరుకుతుందో ఒక పేజీ రాయండి, పేర్లొద్దు, ఎవరికీ చూపించను, మాటిస్తున్నాను అని. అందరూ క్రికెట్టు, బైకులు, రీల్సు రాశారు. ఒక కాగితంలో మాత్రం ఇలా ఉంది: "మేం అయిదుగురం ఆమదాలవలస నుంచి ఒకే రైలుబండిలో వస్తాం. ఒకరోజు మావాడు షాపు బయటున్న చెప్పు చేత్తో పట్టుకుంటే, ముట్టుకోకు, నీలాంటోళ్ల కోసమే ఒంటిది కట్టేం అన్నారు. సరే అనుకున్నాం. అప్పట్నుంచి ఒంటివే తీస్తున్నాం. తొడుక్కోం, అమ్మం. బండి ఊరు దాటేక విసిరేస్తాం. ఎవరు తీస్తే వాళ్లకి ఆ రోజు కిటికీ సీటు."

పొడుగ్గా వాలిపోయే ఆ అక్షరాలు ఉపేంద్రవి. ఇంజనీరింగు సీటు రాక, ఇంట్లో రోజూ మాటలు పడుతూ, క్లాసులో చివరి బెంచీ దాటి రాని ఉపేంద్ర. పై మెట్టు అందనివాళ్లు తమకో నిచ్చెన తలకిందులుగా కట్టుకుంటారని, లోకం తప్పన్నదే అక్కడ గొప్పవుతుందని, దొంగిలించింది ఎందుకూ పనికిరానిదైతే ఇంకా గొప్పని వచ్చే వారం చంద్రమౌళి చెప్పబోయే పాఠం. ఈ కుర్రాడు దాన్ని ముందే రాసేశాడు. చంద్రమౌళి అప్పుడేం చేశాడు? కాగితం చివర ఎర్రసిరాతో "చాలా బాగుంది" అని రాశాడు. చెప్పులు తమ బజారువని తెలుసు. ముట్టుకోకు అన్న గొంతు అన్నయ్యదని కూడా తెలుసు. అయినా తెలుసుకోవడంతో తన పని అయిపోయిందనుకున్నాడు.

"పోలీసులకి ఇచ్చేద్దామా?" ఎవరో అన్నారు.

"ఒంటి సెప్పులకి కేసేటి రాస్తారు? నవ్వి పంపించేస్తారు," అన్నాడు గణపతిరావు. "దండ గుచ్చి మెళ్లో వేద్దాం. ఇక్కడ్నించి స్టేషను దాకా నడిపిద్దాం."

ఎదురుచూస్తున్నదేదో దొరికినట్టు గుంపంతా కదిలింది. ఫ్యాన్సీ షాపు దుర్గాభవాని దబ్బనం, పురికొస తెచ్చింది. "ఇదిగో బాబూ, గట్టిది సూసి తెచ్చినాను," అంది, వంటకి సాయం చేస్తున్నంత ఉత్సాహంగా. లక్ష్మణరావు కింద కూర్చుని ఒక్కో చెప్పు పట్టీలోంచి దబ్బనం దూర్చడం మొదలుపెట్టాడు.

అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న సోములు తలెత్తాడు. "కొట్టండి బాబూ. కొట్టి ఒదిలీండి. స్టేషన్ కాడ మా ఇంటిది పళ్లమ్ముతాది. అటు తిప్పకండి."

"అయితే అటే తిప్పాల," అన్నారెవరో. మళ్లీ నవ్వులు.

ఇప్పుడు చెప్పాలి. వీడు కాదు అంటే, మరెవరు అంటారు. పేరు చెబితే దండ మెడ మారుతుంది, ఒక్క మెడ అయిదవుతుంది. మాటిచ్చి రాయించుకున్నది తనే. పేరు చెప్పకపోతే? అక్కడే అతని ఆలోచన మొరాయిస్తోంది. ఇందాక స్టేషన్ నుంచి వస్తుంటే అన్నయ్య రోడ్డు మీదికే ఎదురొచ్చి, "మా తమ్ముడు, లెక్చరరు" అని అందరికీ వినపడేలా అన్నాడు. స్టూలు తెప్పించాడు. బజారులో ఎవరూ లెక్కచెయ్యని, పెళ్లి చేసుకోని, పుస్తకాలు మోసుకుని బండెక్కి దిగే మనిషికి ఇవాళ ఒక చోటు దొరికింది. అది ఇంత వెచ్చగా ఉంటుందని అతనికి తెలియదు. తనకే గుంపూ లేదని ఇన్నాళ్లూ అనుకున్నాడు. తప్పు. అతనిదీ ఒక గుంపే, ఒక్కడే సభ్యుడు. అక్కడ గౌరవం దొరికేది చూసినందుకు, చూసి దేన్నీ ముట్టుకోనందుకు. అతను ఎప్పుడూ కిటికీ సీటులోనే ఉన్నాడు.

"అయిపోయింది," అన్నాడు లక్ష్మణరావు. లేచి నిలబడి, పదకొండు చెప్పుల దండ పట్టుకుని, పురికొస రెండు కొసలూ తమ్ముడి వైపు చాచాడు. "నా వేళ్లు మొద్దులు. నువ్వు ముడెయ్యి మౌళీ."

చంద్రమౌళి లేచాడు. సంచి ఒళ్లోంచి జారి కింద పడింది. దండ అందుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుంది. కొత్త రబ్బరు వాసన.

"వీడు కాదన్నయ్యా," అన్నాడు. గొంతు క్లాసులో గొంతులా లేదు.

"ఏటి?"

"సోములు తియ్యలేదు. పట్టాల పక్కన దొరికిన మాట నిజం."

"నీకెలా తెలుసురా?"

"తెలుసు."

"మరెవుడు?"

"చెప్పను."

నవ్వులు ఆగిపోయాయి. "తెలుసట గాని సెప్పడట," అన్నాడు గణపతిరావు మెల్లగా, టీ గ్లాసు పళ్లెంలో పెడుతూ. "మీ తమ్ముడేటి బావా, దొంగల తరఫున మాటాడతన్నాడు?"

"ఒరే, నలుగురి ముందు నా పరువు తియ్యకు. పేరు సెప్పు, లేదా ముడెయ్యి," అన్నాడు లక్ష్మణరావు. అతని మెడ ఎర్రబడింది. అయినా గణపతిరావు పక్కనుంచి జరగలేదు, ఇంకొంచెం దగ్గరగా నిలబడ్డాడు. సోముల్ని ఎవరూ చూడటం లేదు. పదిహేనుమంది చూపులూ ఒక్కసారిగా చంద్రమౌళి మీదికి తిరిగాయి. ఆ వెచ్చదనం తగ్గలేదని అతను గమనించాడు. అదే వెచ్చదనం, వాళ్ల మధ్య అలాగే ఉంది. తనే దాని బయట ఉన్నాడు.

దీన్ని గురించి కూడా ఆలోచించవచ్చు. చాలాసేపు ఆలోచించవచ్చు.

అతను మెట్టు మీద, సోములు పక్కన కూర్చున్నాడు. దండని మోకాళ్ల మీద పెట్టుకుని, పురికొస కొసని వెనక్కి లాగి, మొదటి చెప్పు బయటికి తీశాడు.