నెల పడ్డది

మా ఇంట్లో నెలలు పడతాయి. ఆస్పత్రిలో వారాలు నిండుతాయి. ఈ రెండు లెక్కలూ తెలియని మనిషి మస్కట్‌లో కూర్చుని విమానం టికెట్ కొన్నాడు. ఆ మనిషి నా మొగుడు.

పేరు గంగాదాస్. తాత పేరని పెట్టారు గానీ ఆ పేరుతో పిలిచేది ఎయిర్‌పోర్టు వాళ్ళే. ఆర్మూర్‌లో అందరికీ బబ్లు. ఏసీలు బిగించే కంపెనీలో పని. పెళ్ళికి రెండు నెలల సెలవు మీద వచ్చి, మొదటి వారంలోనే గోవా పోదామన్నాడు. నేను అంతకుముందే నల్ల కళ్ళద్దాలు, ఒక పెద్ద టోపీ కొనిపెట్టుకున్నాను. మా అత్త ఆశమ్మ అరిచి గోల చేసే మనిషి కాదు. "గోవాల ఏం దేవుడున్నడురా?" అని ఒక్క మాట అడిగింది. గోవా కాస్తా కొండగట్టు అయింది. ఇంటిల్లిపాదీ, పక్కింటి ముసలమ్మతో సహా, ఒకే జీపులో ఇరుక్కుని పోయాం. నా టోపీ మీద మా ఆడబిడ్డ పూర్ణిమ కూర్చుంది. ఆ తర్వాత వేములవాడ, ఆ తర్వాత బాసర. ఆ రెండు నెలల్లో మేమిద్దరమే కలిసి వెళ్ళిన చోటు బస్టాండు ఎదురుగా ఉన్న జ్యూస్ సెంటర్ ఒక్కటే. అక్కడికి కూడా పూర్ణిమ ఫోన్ చేసి తనకొక సపోటా జ్యూస్ పార్శిల్ తెమ్మంది.

ఆయన మస్కట్ తిరిగి వెళ్ళాక నేను నీళ్ళోసుకున్నానని తేలింది. వీడియో కాల్‌లో చెబితే చిన్నపిల్లాడిలా మంచం మీద ఎగిరాడు. "డెలివరీకి నేను నీ పక్కనే ఉంట ప్రవళీ. నీ మీద ఒట్టు," అన్నాడు. బంగారం అడగలేదు నేను, చీరలు అడగలేదు. గోవా కూడా వదిలేశాను. ఆ ఒక్క మాట పట్టుకుని నెలలన్నీ వాంతులు చేసుకుంటూ గడిపాను. నొప్పులప్పుడు చెయ్యి పట్టుకోవడానికి ఆయన ఉంటే చాలనుకున్నాను.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వారాల్లో చెప్పేది. నేనూ ఫోన్‌లో వారాల్లోనే చెప్పేదాన్ని. "గీ వారాలు నాకు సమజ్ కావే," అని నవ్వేవాడు. నాకు తెలియకుండా వచ్చి నన్ను ఆశ్చర్యపరచాలని ఆయనకొక ముచ్చట పుట్టింది. అందుకని తేదీ నన్ను అడగలేదు, తల్లికి ఫోన్ చేశాడు. ఆమె ఆ పూట పసుపు ఉడకబెట్టే పొయ్యి దగ్గర కూలోళ్ళ మీద కేకలేస్తూ ఉంది. "ఫిబ్రవరిల తొమ్మిదో నెల పడతది బిడ్డా. అప్పుడు రా, శ్రీమంతం గూడ చేస్తం," అంది. ఆమె తప్పేం చెప్పలేదు. మేం అందరం అలాగే అంటాం.

ఆయన వచ్చిన పొద్దున నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆటో ఆగింది. పెద్ద సూట్‌కేసు దిగింది, దాని వెనక ఆయన దిగాడు. చిక్కుడుకాయల చాట కింద పడేసి లేవబోయి, కడుపు అడ్డమొచ్చి మళ్ళీ కూలబడ్డాను. ఆయన పరిగెత్తుకొచ్చి పక్కన కూర్చుని నా కడుపు మీద చెయ్యి పెట్టాడు.

"ఇయ్యాలనా, రేపా?" అన్నాడు.

"ఏంది రేపు?"

"డెలివరీ."

"డెలివరీ హోళీ దాటినంకనే. ఇంకా నెలకెక్కువనే ఉన్నది."

ఆయన మొహం వాడిపోయింది. "తొమ్మిదో నెల పడ్డదని అమ్మ చెప్పింది గదా!"

"అవ్, పడ్డది. పడ్డదంటే షురూ అయిందని."

"గదెట్ల? జీతం పడ్డదంటే నెలంత పని జేసినట్టే గదనే! నెల పడ్డదంటే నిండినట్టే గదా!"

నాకు పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. మస్కట్‌లో గదిలో వాళ్ళందరూ నెలాఖరున ఫోన్లు చూసుకుని జీతం పడ్డదా, పడ్డదా అనుకునే మాట నా కడుపుకు తగిలించాడన్నమాట. అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"సెలవు ఎన్ని దినాలు?" అని అడిగాను.

"ఇరవై."

నవ్వు ఆగిపోయింది.

సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాడు. ఇంకో పది రోజులన్నా ఇమ్మని బతిమాలాడు. అవతల పని గడువు మీద ఉందట, ఆ తేదీకి రాకపోతే ఆ చోట్లో ఇంకొకరిని పెట్టుకుంటామన్నాడట. ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాపమనిపించింది. అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది? కడుపు నాది. తేదీ నాకు తెలుసు. నన్ను తప్ప ఊరందరినీ అడిగే ఇల్లు మాది.

శ్రీమంతం చేశారు. వాకిట్లో ఆరబోసిన పసుపు ఒక మూలకు నూకి షామియానా వేశారు. గాజులు మోచేతుల దాకా తొడిగారు. ఫొటోగ్రాఫర్ నా మొగుణ్ణి నా వెనక నిలబెట్టి, చేతులు ముందుకు తెచ్చి కడుపు పట్టుకోమన్నాడు. "నవ్వు అక్కా, నవ్వు," అని నా ప్రాణం తీశాడు. కాళ్ళు వాచి చెప్పులు పట్టడం లేదు, నవ్వెక్కణ్ణుంచి వస్తుంది? వచ్చిన అమ్మలక్కలు అక్షింతలు వేస్తూ, "మొగుడు ఉండంగనే కను బిడ్డా," అని దీవించారు. నేను చెబితే బిడ్డ వింటుందన్నట్టు నా వైపు చూశారు.

ఆ రోజు నుంచి అందరికీ అదే పని. పూర్ణిమ బొప్పాయి తెచ్చింది. నెలలన్నీ ఆ పండు పేరెత్తితే తిట్టిన అత్తే ఇప్పుడు ముక్కలు కోసి పెట్టింది. బబ్లు కారు మాట్లాడి అందరినీ పోచంపాడు డ్యామ్‌కు తీసుకుపోయాడు. మంచి రోడ్డు వదిలి గుంతల రోడ్డు మీద పోనిమ్మన్నాడని నాకు తర్వాత తెలిసింది. అబద్ధమెందుకు, నేను కూడా అదే కోరుకున్నాను. గుంత వచ్చిన ప్రతిసారీ నొప్పి వస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను. వచ్చింది నడుము నొప్పి.

డిచ్‌పల్లి రామాలయం మెట్లు ఎక్కితే మంచిదని ఎవరో అన్నారు. అత్త మోకాళ్ళ నొప్పులని కింద చెట్టు కింద కూర్చుంది. ఆ జ్యూస్ సెంటర్ తర్వాత మేమిద్దరమే చేసిన ప్రయాణం ఆ మెట్లు. ఆయన నా చెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కించాడు. సగంలో కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాడు. నా కడుపు దగ్గరికి మొహం తెచ్చి, "దిగు బిడ్డా, నాయిన మళ్ల పోవాలె," అని బతిమాలాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ ఒక్క పూట నాకు ఎవరి మీదా కోపం లేదు. లోపలి మనిషి మాత్రం హాయిగా అటు నుంచి ఇటు తిరిగి పడుకుంది.

సెలవు కరిగిపోతోంది. ఒక పొద్దున అత్త గుడి దగ్గర్నుంచి వస్తూనే, "అయ్యగారు గురువారం మంచిగున్నదన్నడు," అంది. దేనికని అడిగాను. "ఆపరేషన్‌కు," అంది పూర్ణిమ, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా. "ఇయ్యాల రేపు అందరు మంచి దినం చూసే తీపిచ్చుకుంటున్నరు వదినే."

ఆర్మూర్ సర్కారు దవాఖానలో నన్ను మొదట్నుంచీ చూస్తున్న డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె అంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "తల్లి మంచిగున్నది, బిడ్డ మంచిగున్నది. ఇంకో మూడు వారాలన్న ఆగాలె. ఇప్పుడే తీస్తే బిడ్డకు ఊపిరి తిప్పలైతది. ఫ్లైట్ ఉన్నదని కడుపు కోస్తరా ఎవరన్న?" అంది. నా మొగుడు తల దించుకున్నాడు. ఈ సంగతి అంతటితో అయిపోయిందని నేననుకున్నాను.

బుధవారం పొద్దున, "నిజామాబాద్‌ల ఇంకో స్కానింగ్ తీపిచ్చుకుందాం, దిల్‌కు జర నిమ్మళం ఉంటది," అన్నాడు. నమ్మి కారెక్కాను, అత్త కూడా వెంట వచ్చింది. అదొక ప్రైవేటు ఆస్పత్రి. కౌంటర్లో నర్సు తలెత్తకుండానే అడిగింది.

"ఎన్నో నెలమ్మా?"

నేను నోరు తెరిచే లోపే ఆయన ముందుకొంగి, "తొమ్మిది నెలలు నిండినయ్ మేడం. రేపు ఆపరేషన్‌కు చూడుమని వచ్చినం," అన్నాడు.

మొదటిసారి ఆ మాట తెలియక పొరబడ్డాడు. ఇప్పుడు అంతా తెలిసే అన్నాడు. అత్త వైపు చూశాను. ఆమె పైన తిరగని ఫ్యాను వైపు చూస్తోంది. నా ఒళ్ళంతా మండిపోయింది. బల్ల పట్టుకుని నిలబడ్డాను.

"నిండలే మేడం," అన్నాను గట్టిగా. "పడ్డది, గంతే. ఇంకా మూడు వారాలు ఆగాలన్నది మా డాక్టరమ్మ. ఈయనకు శుక్రవారం ఫ్లైట్ ఉన్నది. గందుకు తీస్కొచ్చిండు."

నర్సు ఇప్పుడు తలెత్తింది. మా ముగ్గుర్నీ ఒకసారి చూసింది. "గట్లయితే మా దగ్గర చెయ్యరన్నా. ఇంటికి తీస్కపో," అంది ఆయనతో.

బయట కార్ల మధ్య నిలబడి పోట్లాడుకున్నాం. పోయేవాళ్ళు ఆగి చూశారు. చూస్తే చూశారు.

"నా బిడ్డను నేను సూసుకోవద్దా?" అని అరిచాడు బబ్లు. "మళ్ల ఎప్పుడొస్తనో! నేనొచ్చేసరికి నడుస్తది, మాట్లాడుతది. నన్ను చూసి ఎవరో అనుకుని నీ కొంగు వెనక దాక్కుంటది. నీకేం, నీ దగ్గరనే ఉంటది!"

"నీ బిడ్డ ఊపిరి కంటే నీ కండ్లు ముఖ్యమా?"

"గట్లనిపిస్తుందా నీకు నేను?"

"మరి ఎందుకు అబద్ధమాడినవ్? నువ్వుండాలని నాకు లేదా? గుంతలల్ల ఊగిన, మెట్లెక్కిన, బొప్పాయి తిన్న. అన్ని జేసిన గదా! నీ టికెట్ జరగదంటవ్. నా కడుపు జరగాల్నా?"

ఆయన కారు తలుపుకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు. మగవాడు అలా నలుగురిలో ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గరికి పోయి వీపు నిమరాలనిపించింది. పోలేదు. పోతే నేనే మెత్తబడి సరేనంటానేమోనని భయమేసింది. అత్త వచ్చి మధ్యలో నిలబడి, "రెండేండ్ల కింద మీ నాయిన పోయినప్పుడు గూడ నువ్వు రాకపోతివి. గందుకే వీడు గింత ఆగమైతున్నడు బిడ్డా," అని మొదటి మాట కొడుకుతో, రెండోది నాతో అంది. అది నిజమే. నిజమైనా నేను కారెక్కి ముందు సీట్లో కూర్చున్నాను.

శుక్రవారం వెళ్ళిపోయాడు. ఆ రెండు రోజులూ మా మధ్య మాటలు తిన్నావా, పడుకున్నావా దగ్గరే ఆగాయి. సూట్‌కేసు డిక్కీలో పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "పోయొస్త," అన్నాడు. "పోయి రా," అన్నాను. కడుపు మీద చెయ్యి పెడతాడేమో అనుకున్నాను. పెట్టలేదు. నేను అలిగి ఎయిర్‌పోర్టుకు పోలేదు. కారు మలుపు తిరిగాక మాత్రం గదిలోకి పోయి తలుపేసుకుని కసితీరా ఏడ్చాను.

మా అమ్మ వచ్చి నన్ను పుట్టింటికి, ఏర్గట్లకు తీసుకుపోయింది. హోళీ పోయిన వారానికి ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. మళ్ళీ ఆర్మూర్ దవాఖానే, మళ్ళీ ఆ డాక్టరమ్మే. నొప్పులప్పుడు మంచం ఇనుప కమ్మీ పట్టుకున్నాను. అది చల్లగా ఉంది. బబ్లును తిట్టాను, సూపర్‌వైజర్‌ను తిట్టాను, నెలలను, వారాలను తిట్టాను. "తిట్టు, ఇంకా గట్టిగ తిట్టు," అంది డాక్టరమ్మ. తెల్లారి పాప పుట్టింది. పుట్టగానే వార్డంతా లేచేలా ఏడ్చింది. ఆ ఊపిరికి ఏ తిప్పలూ లేవు.

ఆయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఏదో మేడ మీద ఏసీ బిగిస్తూ ఉన్నాడట. తినే వేళకు మెసేజ్ చూసుకుని తనే వీడియో కాల్ చేశాడు. నెత్తిన హెల్మెట్ ఉంది, మొహం నిండా దుమ్ము, చెమట.

"పాప ఏది? సూపెట్టు, జల్ది సూపెట్టవే!"

మా అమ్మ ఫోన్ అందుకుని ఉయ్యాల వైపు తిప్పబోయింది. నేను వదల్లేదు.

"సూపెడ్త. ముందుగల నన్ను సూడు," అన్నాను.

ఆయన ఆగాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. నా చెదిరిన జుట్టు, పగిలిన పెదాలు, ఉబ్బిన కళ్ళు చాలాసేపు చూశాడు.

"నొప్పి మస్తయిందా?" అన్నాడు.

పొద్దున్నుంచి ఎంతమంది వచ్చారో, ఎవరూ ఆ మాట అడగలేదు.

"మస్తయింది," అన్నాను. "నువ్వు లేవు."

అప్పుడు ఫోన్ పాప వైపు తిప్పాను.